ముందు అంకె మన ఇష్టం, కింద అంకె ముట్టుకోకూడదు

కెమిస్ట్రీలో ఈక్వేషన్ బ్యాలెన్స్ చేయమంటే, అంటే రెండు పక్కలా ప్రతి రకం పరమాణువుల లెక్క సమానం చేయమంటే, చిన్నప్పుడు నేను చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్లు, ఎడమ పక్క హెచ్2, ఓ2, కుడి పక్క హెచ్2ఓ. కుడివైపు ఒక ఆక్సిజన్ తక్కువైంది కదా అని ఓ కింద చిన్నగా ఇంకో 2 తగిలించేశా, హెచ్2ఓ2 అయింది, లెక్క సరిపోయింది, దర్జాగా పేపర్ ఇచ్చేశా. సున్నా. ఎందుకంటే నేను రాసింది నీళ్లు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్, జుట్టు రంగు పోగొట్టడానికి వాడేది.

కింద ఉండే చిన్న అంకె ఆ పదార్థం ఏంటో చెప్తుంది, అది మార్చామా పదార్థమే మారిపోతుంది. ముందు రాసే పెద్ద అంకె అలాంటి అణువులు ఎన్నో చెప్తుంది, మనం ఆడుకోగలిగేది దాంతోనే. కాబట్టి నీళ్ల లెక్క ఇలా: రెండు హెచ్2, ఒక ఓ2, రెండు హెచ్2ఓ.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకుంటాం గానీ వాయువులతో చేస్తే కంటికి కనిపిస్తుంది. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటర్ ఆక్సిజన్ కలిపి మండించి, అదే వేడి, అదే పీడనం దగ్గర ఆవిరిని కొలిస్తే మూడు కాదు, రెండు లీటర్లే వస్తుంది. వాయువులు ఇలా చిన్న చిన్న పూర్ణ సంఖ్యల లెక్కలో కలుస్తాయని ఫ్రెంచ్ శాస్త్రవేత్త గే-లుసాక్ 1808లో చెప్పాడు. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్‌కి ఇది మింగుడుపడలేదు, ఆయన లెక్కలో నీళ్లంటే ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అంతే. 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో వచ్చి, ఒకే వేడి, ఒకే పీడనం దగ్గర ఏ వాయువైనా లీటర్‌కి అణువులు అన్నే ఉంటాయి, ఆక్సిజన్ అణువు రెండు ముక్కలవుతుందయ్యా, అందుకే ఒక లీటర్ నుంచి రెండు లీటర్ల ఆవిరి అన్నాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అది వేరే కథ.

సరే, ఒకటి చేసి చూద్దాం. లైటర్‌లో ఉండే బ్యూటేన్, సీ4హెచ్10. మండితే కార్బన్ డయాక్సైడ్, నీళ్లు. ఆక్సిజన్‌ని మాత్రం చివరిదాకా కదపకండి, ఎందుకంటే కుడివైపు అది రెండు చోట్ల ఉంది, ముందే దాన్ని సెట్ చేస్తే తర్వాత ఏది ముట్టుకున్నా మళ్లీ చెడిపోతుంది. కార్బన్లు 4, అంటే 4 సీఓ2. హైడ్రోజన్లు 10, అంటే 5 హెచ్2ఓ. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్లు 8, 5 కలిపి 13, కానీ ఓ2లో జతలుగానే దొరుకుతాయి, ఆరున్నర ఓ2 కావాలి. చాలామంది ఇక్కడ కంగారుపడి మొత్తం కొట్టేసి మొదట్నుంచి మొదలెడతారు, అక్కర్లేదు, ఆరున్నర అనే రాసేసి అన్నిటినీ రెండుతో గుణిస్తే చాలు: 2 బ్యూటేన్, 13 ఓ2, 8 సీఓ2, 10 హెచ్2ఓ. బరువు కూడా చూసుకోండి, కార్బన్ 12, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16 లెక్కన 116 గ్రాముల బ్యూటేన్, 416 గ్రాముల ఆక్సిజన్, మొత్తం 532. అటువైపు కార్బన్ డయాక్సైడ్ 352, నీళ్లు 180, అదీ 532. మూసిన పాత్రలో బరువు ఎక్కడికీ పోదని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోజియే 18వ శతాబ్దంలో త్రాసు పెట్టి చూపించింది ఇదే. మండిన గ్యాస్ కంటే వచ్చిన నీళ్లే ఎక్కువ బరువున్నాయి, గమనించారా?

పరమాణువులు సరిపోతే పని అయిపోయినట్టేనా అంటే, ప్రతిసారీ కాదు. పొటాషియం పర్మాంగనేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే పొటాషియం సల్ఫేట్, మాంగనీస్ సల్ఫేట్, నీళ్లు, ఆక్సిజన్ వస్తాయి. 2 పర్మాంగనేట్‌కి, 3 ఆమ్లానికి 1 పెరాక్సైడ్ వేసి 4 నీళ్లు, 3 ఆక్సిజన్ రాయండి, సరిపోతుంది. 3 పెరాక్సైడ్, 6 నీళ్లు, 4 ఆక్సిజన్ రాయండి, అదీ సరిపోతుంది. 5 పెరాక్సైడ్, 8 నీళ్లు, 5 ఆక్సిజన్, అదీ అంతే! నాకు ఇది మొదటిసారి తెలిసినప్పుడు ఎవరో మోసం చేసినట్టనిపించింది. సంగతేంటంటే పెరాక్సైడ్ తనంతట తానే నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోయే లెక్క ఒకటుంది, దాన్ని ఇందులో ఎన్నిసార్లు కలిపినా, తీసేసినా పరమాణువుల లెక్క చెడదు.

మరి ఏది నిజం? ఎలక్ట్రాన్లు లెక్కపెట్టాలి, ఒకటి ఇచ్చినన్నే ఇంకోటి తీసుకోవాలి. ఒక్కో మాంగనీస్ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఒక్కో పెరాక్సైడ్ అణువు 2 ఇస్తుంది. రెండు మాంగనీస్‌లకి 10 కావాలి, కాబట్టి పెరాక్సైడ్‌లు 5. బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టంలోంచి పర్మాంగనేట్ చుక్క చుక్క వదులుతూ, ఫ్లాస్క్‌లోని పెరాక్సైడ్‌లో లేత గులాబీ రంగు నిలబడగానే ఆపి కొలిచినా, తేలేది ఆ 2కి 5 లెక్కే.