పదో తరగతిలో మార్కులు, పీహెచ్‌డీలో నేరం

"అన్నా, 23 శాతం వచ్చింది. పదికి దించాలంటే ఎన్ని పదాలు మార్చాలి?" థీసిస్ ఇవ్వబోతున్న జూనియర్ ఒకమ్మాయి ఫోన్‌లో అడిగిన మాట ఇది. థీసిస్‌లో ఎంత భాగం ఇతరుల రాతలతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూసి ఇచ్చే రిపోర్టులోని అంకె అది. ఆ టెన్షన్ వెనక చాలా ఏళ్ల చదువుంది.

తెలుగు మీడియం బడిలో ఇంగ్లిష్ జవాబంటే గైడులో ఉన్నది ఉన్నట్టు దించడమే. ఒక్క మాట సొంతంగా రాస్తే గ్రామర్ తప్పుతుందని, మార్కు పోతుందని భయం. నేనూ వ్యాసాలు కామాలతో సహా బట్టీ పట్టినవాణ్ణే. అలా రాసినందుకు టీచర్లు మెచ్చుకున్నారు కూడా.

ఇది మన ఒక్కరి కథే కాదు. అలస్టేర్ పెన్నీకుక్ అనే భాషావేత్త 1996లో తన చైనా విద్యార్థి ఒకరి గురించి రాశారు. జీవిత చరిత్ర రాయమంటే ఆ అబ్బాయి అబ్రహాం లింకన్ మీద, బడిలో కంఠస్థం చేసిన పాఠాన్నే రాసిచ్చాడు. తనకు వచ్చిన విషయమే అడిగారని సంతోషపడ్డాడు తప్ప అందులో తప్పుందని అతనికి తోచలేదు. అంతకు కొద్ది ఏళ్ల ముందే అమెరికాలో రాత నేర్పే ప్రొఫెసర్ రెబెకా మూర్ హోవార్డ్ దీనికి దగ్గరగా ఉండే మరో రకం రాతకు 'ప్యాచ్‌రైటింగ్' అని పేరు పెట్టారు. వాక్యం అవతలివాళ్లదే, 'ఇంపార్టెంట్' తీసి 'సిగ్నిఫికెంట్' పెడతాం, అంతే. రాయడం నేర్చుకునే దారిలో ఇదొక మెట్టు అని ఆమె వాదన. నాకది నిజమనిపిస్తుంది. డబ్బిచ్చి థీసిస్ రాయించుకునేవాళ్ల సంగతి వేరు, అది దొంగతనమే.

మన దగ్గర ఒత్తిడి 2009లో పెరిగింది. థీసిస్ ఇచ్చేలోపు జర్నల్‌లో ఒక పేపరైనా రావాలని యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ నియమం పెట్టింది. 2022లో గానీ దాన్ని తీసేయలేదు. ఈలోగా కాపీ రాతల మీద యూజీసీ 2018 నిబంధనలు వచ్చాయి. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మరుసటి ఏడాది 30 గంటల ఎథిక్స్ కోర్సునూ తప్పనిసరి చేశారు. ఏది తప్పో చెప్పడానికి ఆ గంటలు సరిపోతాయి. పదేళ్ల బట్టీని వదిలించి సొంత వాక్యం రాయించడానికి ఎలా సరిపోతాయి?

అందుకే పదాలు మార్చే సాఫ్ట్‌వేర్ల దగ్గరికి పరుగు. దాని ఫలితం 2021లో ప్రపంచమంతా చూసింది. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' (నకిలీ స్పృహ) అయిపోయిన పేపర్లను ఫ్రాన్స్ పరిశోధకుడు గియోమ్ కబనాక్, ఆయన సహచరులు బయటపెట్టారు. రొమ్ము క్యాన్సర్‌ను 'బుజమ్ పెరిల్' (ఎద ఆపద) అని రాసిన పేపర్లూ ఉన్నాయి.

జూనియర్‌ని పదాల లెక్క పక్కన పెట్టి, రిపోర్టులో ఎర్రగా వచ్చిన ఒక పేరాను తెలుగులో చెప్పమన్నాను. కాగితం చూడకుండా, ఉదాహరణలతో సహా గడగడా చెప్పింది. దాన్నే ఇంగ్లిష్‌లో రాయడానికి కూర్చుంటే నాలుగు వాక్యాలకు గంట పట్టింది.