సమ్సోను బలాన్ని బొమ్మ గీయడం ఎలా?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

సండే స్కూలు పుస్తకాల్లో, బైబిలు కథలోని ఇశ్రాయేలు వీరుడు సమ్సోను ఎప్పుడూ కండలు తిరిగిన పహిల్వానులాగే ఉంటాడు. బైబిలులో న్యాయాధిపతుల గ్రంథం 13 నుంచి 16 వరకు గల అధ్యాయాలు నిదానంగా చదివి చూడండి. ఆయన సింహాన్ని వట్టి చేతులతో చీల్చాడని, గాజా పట్టణపు తలుపులను ద్వారబంధాలతో సహా ఊడబెరికి కొండమీదికి మోసుకుపోయాడని ఉంటుంది గాని, భారీకాయుడని ఎక్కడా ఉండదు. పైగా ఆ బలం దేనిలో ఉందో కనిపెట్టి చెబితే ఒక్కొక్కరం 1100 వెండి నాణేలు ఇస్తామని ఆయన శత్రువులైన ఫిలిష్తీయుల సర్దారులు, ఆయన ప్రేమించిన దెలీలాకు ఆశపెట్టారు. చూడగానే తెలిసిపోయే బలమైతే దాని గుట్టు కోసం అంత సొమ్ము ఎవరు పోస్తారు? ఆ గుట్టల్లా ఆయన ఎన్నడూ కత్తిరించని జుట్టే, అది తెగితే బలం పోతుంది.

కంటికి కనిపించని బలాన్ని బొమ్మలో చూపడం ఎలాగన్నదే కళాకారులకు వచ్చిన చిక్కు. చాలామంది దేహాన్ని పెంచేశారు. గలిలయలోని హుకోక్ అనే చోట 2011లో మొదలైన తవ్వకాలలో, సుమారు 1600 ఏళ్ల నాటి యూదుల సమాజమందిరపు నేలమీద, రంగురాళ్లు పేర్చి చేసిన సమ్సోను చిత్రాలు బయటపడ్డాయి. వాటిలో గాజా తలుపులు మోసేవాడు అచ్చంగా మహాకాయుడే. రష్యాలో పీటర్‌హాఫ్ రాజభవనం ముందరి ఫౌంటెన్‌లో సింహం నోరు చీలుస్తున్న బంగారుపూత సమ్సోను కూడా అంతే. అది 1709లో పోల్టావా దగ్గర స్వీడన్‌మీద రష్యా గెలుపుకు గుర్తు గనుక, అక్కడ కండలకు రాజకీయపు పని కూడా ఉంది.

చిత్రకారుడు రూబెన్స్ 1609–10 ప్రాంతంలో వేసిన చిత్రం ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులోనూ వీపు కొండంత వెడల్పే, అయితే ఆ వీపు దెలీలా ఒడిలో వాలి నిద్రపోతోంది. వెనక ఒక ముసలామె కొవ్వొత్తి పట్టుకుంటే, ఒకడు చేతులు అడ్డంగా మడిచి, ఎక్కడ మేలుకుంటాడోనన్నట్టు జాగ్రత్తగా జుట్టు కత్తిరిస్తుంటాడు. వాకిట్లో సైనికులు కాచుకుని ఉంటారు. దెలీలా ఒక మనిషిని పిలిపించి క్షౌరం చేయించిందనే గ్రంథంలోనూ ఉంది.

మరో చిత్రకారుడు రెంబ్రాంట్ 1636లో ఆ మాట పక్కన పెట్టి, కత్తెరను దెలీలా చేతికే ఇచ్చాడు. సైనికులు సమ్సోనును పడదోసి కన్ను పొడుస్తున్నారు, నొప్పికి ఆయన కాలివేళ్లు ముడుచుకుపోయాయి, ఆమె మాత్రం కత్తిరించిన జుట్టును పిడికిట పట్టుకుని వెలుతురు వైపు పరుగెడుతోంది. గ్రంథాన్ని దాటినా రెంబ్రాంటే సరిగ్గా పట్టుకున్నాడని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ బలం మనిషిని వదిలి వెళ్లిపోవడం ఆ పిడికిట్లో కంటికి కనిపిస్తుంది.

కవులకు ఈ చిక్కు లేదు. చూపు కోల్పోయిన ఆంగ్ల కవి మిల్టన్, కళ్లు పోయి గాజాలో తిరగలి విసిరే సమ్సోను కథను నాటకంగా 1671లో అచ్చు వేయించాడు. దాని ఆధారంగా హాండెల్ కూర్చిన సంగీత రూపకాన్ని 1743లో లండన్‌లో ప్రదర్శించారు. కొన్నేళ్లకు హాండెల్ చూపు కూడా పోయింది. మిల్టన్ నాటకంలో, చివర సమ్సోను ఫిలిష్తీయుల గుడిని కూల్చడం మన కళ్లముందు జరగనే జరగదు. కొడుకును విడిపించుకోవాలని తిరుగుతున్న తండ్రి మానోహకు ముందు పెద్ద చప్పుడు వినిపిస్తుంది, తరవాత ఒక దూత పరుగున వచ్చి జరిగినదంతా చెబుతాడు.

ఇట్లు,
మీ తాతయ్య