"ముందు నడక రానివ్వండి మేడమ్, ఆటలెక్కడికి పోతాయి?": ప్రత్యేక అవసరాల పిల్లల ఆటల గురించి అపోహలు - వాస్తవాలు

నేను భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, ఐఈఆర్పీని. ఈ పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్ అన్నమాట. బడికి రాలేక ఇంటి దగ్గరే నేర్చుకునే (హోమ్ బేస్డ్) పిల్లల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా నాకు వినపడే మాట పైన రాసిందే. మాటలు రాని పిల్లలుంటే "ముందు మాటలు రానివ్వండి" అంటారు, అంతే తేడా. ఈ మాట అన్న తల్లుల మీద నాకు కోపం లేదు. పెళ్ళికెళ్ళినా, రేషన్ షాపుకెళ్ళినా "ఇంకా నడవట్లేదా?" అని నలుగురూ అడుగుతుంటే, ఏ తల్లికైనా బొమ్మలూ ఆటలూ గుర్తుకొస్తాయా? కానీ పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ఆట అనేది బాగయ్యాక చూసుకునే సంగతి. ముందు థెరపీ.

వాస్తవం: చిన్నపిల్లలకు థెరపీ పనిచేసేదే ఆటలోంచి. సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న బాబు పక్కనున్న బంతి కోసం వంగాడనుకోండి. ఒక చేతి మీద బరువు మోపాలి, నడుము తిప్పాలి, తల నిలపాలి, రెండో చెయ్యి చాపాలి. ఫిజియోథెరపీ క్యాంపులో చేయించేవి చాలావరకు ఇవే కదలికలు. అక్కడ ఏడుస్తూ నాలుగుసార్లు చేసేవాడు, బంతి కోసమైతే ఎవరూ చెప్పకుండానే నలభైసార్లు చేస్తాడు.

లెక్క కూడా చూడండి. వారానికి ఒక క్యాంపు, వాడి వంతుకు మహా అయితే గంట. రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటాడనుకున్నా వారానికి 84 గంటలు. మిగతా 83 గంటలూ గోడకు చేరగిలబడి ఫోన్ చూస్తుంటే, ఆ ఒక్క గంట ఎంతని లాగుతుంది?

ఒకింటి సంగతి చెప్తాను. ఏడేళ్ళ బాబు, కండరాలు బిగుసుకుపోయే స్పాస్టిక్ సీపీ, రెండు చేతులూ పిడికిళ్ళు బిగిసి ఉంటాయి. వేసవి సెలవులకు పిన్ని పిల్లలు వచ్చారు. అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడుతున్నారు. వీడు లోపల మంచం మీద ఉన్నాడు. "వాడికి గవ్వలు పట్టుకోవడం రాదు కదండీ" అంది వాళ్ళమ్మ. ఆడిప్ (వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం) క్యాంపులో ఇచ్చిన సీపీ ఛైర్, అంటే ఈ పిల్లలు కూర్చునేలా చేసిన ట్రే ఉన్న కుర్చీ, ఓ మూలనుంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి.

తువ్వాళ్ళు తీయించి, కుర్చీ అరుగు మీదికి తెచ్చి బాబును కూర్చోబెట్టాం. పాదాలు ఆనడం లేదు. వంటింట్లోంచి పీట తెచ్చి కింద పెట్టాం. పాదాలు ఆనకపోతే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చేతులు రెండూ పడిపోకుండా పట్టుకోవడానికే సరిపోతాయి, ఇక ఆడేదేముంది? అట్టపెట్టె విప్పి దాని మీద గళ్ళు గీసి కుర్చీ ట్రే మీద పెట్టాం. చింతపిక్కల బదులు సీసా మూతలు కాయలయ్యాయి. గవ్వలు నాలుగూ స్టీలు గ్లాసులో వేశాం. పిడికిలి తెరవక్కర్లేదు, మణికట్టుతో గ్లాసును తోస్తే చాలు. మొదటిసారి గ్లాసు దొర్లి కింద పడింది. అంచున్న పళ్ళెం పెట్టి, అది జారకుండా కింద తడిగుడ్డ వేశాక కుదిరింది.

కాసేపటికి నాలుగు గవ్వలూ వెల్లకిలా పడ్డాయి. చెమ్మ! మళ్ళీ పందెం. ఆ పందెంలో చెల్లెలి కాయను చంపేశాడు. ఆ పిల్ల ఒకటే ఏడుపు. "ఆటన్నాక చంపరా ఏమిటే?" అని నాయనమ్మ మనవడి పక్షం చేరింది. వాళ్ళమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి వాడి మెడనే చూస్తోంది. మామూలుగా రెండు నిమిషాలకే వాలిపోయే తల, తన పందెం ఎప్పుడొస్తుందా అని ఆటంతా ఎత్తే ఉంది.

ఆటను పిల్లాడి ఒంటికి తగ్గట్టు మార్చడమంటే ఇదే. ఆట అదే, నియమాలూ అవే. మారేవి కూర్చునే తీరు, వస్తువు, దాన్ని కదిపే పద్ధతి. బంతి దూరంగా పోతుంటే తాడు కట్టండి, లేదా నెమ్మదిగా దిగే బెలూన్ ఇవ్వండి. క్రేయాన్ పట్టు దొరకకపోతే గుడ్డ చుట్టి లావు చేయండి.

అపోహ: ఆటిజం పిల్లలకు ఆడటం రాదు, కార్లు వరస పెట్టుకుంటూ కూర్చుంటారు.

అదీ వాళ్ళ ఆటే. మనం వెళ్ళి "ఇదేంటి? ఏం కలర్? చెప్పు, చెప్పు" అని పరీక్ష పెడతాం, వాడు లేచి వెళ్ళిపోతాడు. ప్రశ్నలు మానండి. ఎదురుగా కూర్చుని మీరూ ఒక కారు వరసలో పెట్టండి. లేదా వాణ్ణి వీపున ఉప్పు మూట ఎక్కించుకుని నాలుగడుగులు వేసి ఆగండి. ఆగి ఎదురుచూడండి. మీ భుజం గుంజినా, ముఖంలోకి చూసినా "ఇంకా" అని అడిగినట్టే, వెంటనే నడవండి. మాట దానివెనకే వస్తుందని నేను హామీ ఇవ్వలేను గానీ, అడిగితే జరుగుతుందని పిల్లాడికి తెలియకుండా మాటకు దారి లేదు.

అపోహ: ఖరీదైన బొమ్మలు కావాలి.

అక్కర్లేదు. డబ్బాలో గాజులు వేస్తే చూపు తక్కువున్న పాపకు గలగలలాడే బొమ్మ. ఇంకో మాట. క్యాంపులో ఇచ్చిన టీఎల్ఎం కిట్లు (ఆడుతూ నేర్చుకునే సామగ్రి) "పాడైపోతాయని దాచాం మేడమ్" అంటూ చాలా ఇళ్ళలో అటక మీదే ఉంటున్నాయి. దయచేసి దించండి. పాడైతే కానివ్వండి.

అపోహ: ఫోన్‌లో రైమ్స్ చూస్తే మాటలొస్తాయి.

ఫోన్ ఎదురుచూడదు, జవాబివ్వదు. రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

అపోహ: చక్రాల వాకర్‌లో వేస్తే తొందరగా నడుస్తారు.

నడవరు. కాలివేళ్ళ మీద తోసుకోవడం నేర్చుకుంటారు, మెట్ల మీంచి పడతారు. కెనడాలో ఈ బేబీ వాకర్ల అమ్మకాన్నే 2004లో నిషేధించారు.

అపోహ: గ్రహణం రోజు పిల్లల్ని మెడదాకా మట్టిలో పాతిపెడితే కాళ్ళొస్తాయి.

దీనికి నాకు ఓపిక లేదు. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణం నాడు కర్ణాటకలో కలబురగి దగ్గర పిల్లల్ని మెడదాకా మట్టిలో పాతారు. పేపర్లలో ఫొటోలతో సహా వచ్చింది. ఆ పిల్లలు ఎంత భయపడి ఉంటారో ఒక్కసారి ఊహించండి. మట్టి గుజ్జనగూళ్ళు వండుకోవడానికి, ఇసుక గూళ్ళు కట్టుకోవడానికి.

అపోహ: పడతారు, దెబ్బలు తగులుతాయి, ఆడనివ్వకపోవడమే మంచిది.

జాగ్రత్త కావాలి, నిజమే. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పిల్లలకు చింతపిక్కలు, గవ్వలు, సీసా మూతలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ ఎముకల దగ్గర పట్టు తక్కువగా ఉంటుంది, డాక్టరును అడక్కుండా పిల్లిమొగ్గలు వేయించకండి. ఫిట్స్ వచ్చే పిల్లలు నీళ్ళలో ఆడుతుంటే పెద్దవాళ్ళు చెయ్యందేంత దగ్గరలో ఉండాలి. ఇవి పాటిస్తూ ఆడనివ్వండి.

ఈసారి ఫిజియో క్యాంపుకు వెళ్ళినప్పుడు "ఎప్పుడు నడుస్తాడు?" అన్నదానితో పాటు ఇంకొకటి కూడా అడగండి: "మా వాడు చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని ఆడాలంటే ఎలా కూర్చోబెట్టాలి? ఎక్కడ ఆనించాలి?" అలా కూర్చోబెట్టి చూపించమనండి, మీ ఫోన్‌లో ఫొటో తీసుకుని రండి.