డీఎస్ఎల్ఆర్‌లో వీడియో ఎందుకు? కొన్ని అపోహలు – వాస్తవాలు

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఫోటోలకే పరిమితం కావాలని, వీడియో కావలసినవారు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కోవాలని వాదించే ఫోటోగ్రాఫర్లు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిళ్లలో ఫోటోలు, వీడియోలు రెండూ తీసే వృత్తిలో ఉన్న నేను ఈ వాదనతో ఏకీభవించను. అయితే, అద్దం ఉన్న కెమెరా నుంచి అన్ని ఆధునిక సౌకర్యాలనూ ఆశించడం కూడా సరికాదు.

అపోహ: వీడియోను తొలగిస్తే ఫోటోల నాణ్యత పెరుగుతుంది, కెమెరా ధర తగ్గుతుంది.

వాస్తవం: నికాన్ 2013లో విడుదల చేసిన డీఎఫ్ అనే డీఎస్ఎల్ఆర్‌లో వీడియో లేదు. అందులో అమర్చినది మాత్రం వీడియో ఉన్న నికాన్ డీ4లోని 16.2 మెగాపిక్సెళ్ల సెన్సారే కాబట్టి, వీడియోను తీసేసినందువల్ల ఫోటోకు అదనంగా ఒరిగిందేమీ లేదు. అమెరికాలో డీఎఫ్ బాడీ సుమారు 2,750 డాలర్లకు వస్తే, అదే కాలంలో వీడియోతో వచ్చిన ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత పెద్ద సెన్సార్ ఉన్న) నికాన్ డీ610 సుమారు 2,000 డాలర్లకే దొరికింది. డీఎఫ్ నిర్మాణం వేరు కనుక ధరల తేడాకు ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ వీడియో లేకపోవడం ధరను తగ్గించలేదన్నది స్పష్టం. లైవ్ వ్యూ కోసం సెన్సార్ ఎలాగూ సెకనుకు అనేకసార్లు దృశ్యాన్ని చదివి వెనుక తెరకు పంపుతూనే ఉంటుంది. ఆ దృశ్యాలనే కుదించి కార్డులో భద్రపరిస్తే సాధారణ వీడియో తయారవుతుంది. అధిక వేగంతో 4కే (ఫుల్ హెచ్‌డీకి దాదాపు నాలుగు రెట్ల పిక్సెళ్లు ఉండే వీడియో) తీయాలంటేనే ప్రాసెసర్ మీద భారం, వేడిని బయటికి పంపే ఏర్పాట్ల ఖర్చు గణనీయంగా పెరుగుతాయి.

అపోహ: డీఎస్ఎల్ఆర్ వీడియో కేవలం ఔత్సాహికుల కాలక్షేపం.

వాస్తవం: 2008లో నికాన్ డీ90 720పీ వీడియోతోనూ, ఆ వెంటనే కెనాన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీతోనూ వచ్చాయి. పెద్ద సెన్సార్ ఇచ్చే మసక నేపథ్యం తక్కువ ఖర్చులో అందుబాటులోకి రావడంతో సినిమావాళ్లు కూడా వాటిని చేతబట్టారు. 2011లో రామ్ గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను కెనాన్ 5డీతోనే తీశారు. మార్క్ 2లో మొదట సెకనుకు 30 ఫ్రేములే ఉండేవి, 24, 25 ఫ్రేములు 2010లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా వచ్చాయి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి, ట్యూబులైట్ల కింద 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్ వేగం పెట్టుకుంటే దృశ్యం మినుకుమినుకుమనదు. ఫంక్షన్ హాళ్లలో పనిచేసేవారికి ఇది 4కే కంటే ముఖ్యమైన సౌకర్యం.

అపోహ: ఫోటోల్లో చురుగ్గా ఫోకస్ పట్టే కెమెరా వీడియోలోనూ అలాగే పడుతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్‌ను కొలిచే ప్రత్యేక సెన్సార్ అద్దం కింద, కెమెరా అడుగుభాగంలో ఉంటుంది. ప్రధాన అద్దం వెనుక ఉన్న చిన్న అద్దం కాంతిని దానికి చేరవేస్తుంది. వీడియో మొదలవగానే రెండు అద్దాలూ పైకి మడుచుకుంటాయి కాబట్టి ఆ సెన్సార్‌కు కాంతి అందదు, వ్యూఫైండర్ కూడా చీకటవుతుంది. అప్పుడు పాత కెమెరాలు కాంట్రాస్ట్‌ను (వెలుగునీడల తేడాను) బట్టి లెన్స్‌ను ముందుకూ వెనక్కూ కదిలిస్తూ ఫోకస్‌ను వెతుక్కుంటాయి. మంగళసూత్రం కట్టే వేళ ఆ వెతుకులాట జరిగితే ఆ క్షణాన్ని మళ్లీ తీయలేము. 2013లో కెనాన్ 70డీ తెచ్చిన డ్యూయల్ పిక్సెల్ విధానం ఫోకస్ కొలతను ప్రధాన సెన్సార్ మీదికే మార్చి ఈ ఇబ్బందిని చాలావరకు తొలగించింది. 2020లో నికాన్ డీ780 కూడా సెన్సార్ మీదే ఫేజ్ డిటెక్షన్ (వెతుకులాట లేకుండా ఫోకస్‌ను కొలిచే పద్ధతి) ఇచ్చింది. ఈ సౌకర్యం లేని కెమెరాతో వీడియో తీసేటప్పుడు మాన్యువల్ ఫోకస్ పెట్టుకోవడమే క్షేమం.

అపోహ: వేడెక్కడం వల్లే రికార్డింగ్ అరగంటకు ఆగిపోతుంది.

వాస్తవం: 29 నిమిషాల 59 సెకన్ల పరిమితికి ప్రధాన కారణం, అరగంట రికార్డు చేయగల కెమెరాలను వీడియో కెమెరాలుగా లెక్కించి యూరప్‌లో ఒకప్పుడు వేసిన అదనపు సుంకం. వేడి సమస్య నిజమే కానీ అది వేరే విషయం.

అపోహ: 4కే అని రాసి ఉంటే చాలు.

వాస్తవం: 2016 నాటి కెనాన్ 5డీ మార్క్ 4 తన 4కే వీడియోకు సెన్సార్ మధ్యభాగాన్నే వాడుకుంటుంది. ఆ 1.74 రెట్ల క్రాప్ వల్ల 24 ఎంఎం లెన్స్ సుమారు 42 ఎంఎం లెన్స్‌లా చూస్తుంది, ఇరుకైన మండపంలో రెండు కుటుంబాలూ ఫ్రేములో పట్టవు. పైగా సెకనుకు దాదాపు 500 మెగాబిట్ల చొప్పున రాయడంతో 64 జీబీ కార్డు పదిహేడు నిమిషాల్లోనే నిండిపోతుంది. ఇటువంటి 4కే కంటే నాణ్యమైన ఫుల్ హెచ్‌డీ, సెన్సార్ మీద ఫోకస్, మైకుకూ హెడ్‌ఫోనుకూ విడివిడి జాక్‌లు, ధ్వని స్థాయిని చేత్తో సరిచేసుకునే వీలు ఇచ్చే డీఎస్ఎల్ఆర్‌నే నేను ఎంచుకుంటాను.