కంటి జబ్బుకు క్యాన్సర్ మందు ఎందుకు? యువియైటిస్ చికిత్స వెనుక కథ

ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, సరిహద్దు దాటి ఒడిశాలోని కొరాపుట్, రాయగడ వైపుల నుంచి కంటి జబ్బులతో విశాఖపట్నం వచ్చేవారికి ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక దగ్గర 2006లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం పెద్ద దిక్కు. యువియైటిస్ అని తేలినవారిలో కొందరికి వైద్యులు వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ మాత్రలు రాస్తారు. అది క్యాన్సర్‌కు వాడే మందని మందుల దుకాణంలోనో, ఫోనులో వెతికినప్పుడో తెలిసి బెదిరిపోయేవారు, మానేసేవారు ఉన్నారు. ఆ భయం సహజమే. కానీ మందు మానేస్తే చూపు పోయే ప్రమాదం ఉంది కనుక, ఆ మాత్ర కంటి వైద్యంలోకి ఎలా వచ్చిందో రోగికి, ఇంట్లోవారికి తెలియడం అవసరం.

నల్లగుడ్డు వెనుక రంగుపొర మొదలుకొని కంటి లోపలి రక్తనాళాల పొర వరకు ఉండే భాగంలో వచ్చే వాపును యువియైటిస్ అంటారు. క్షయ, సిఫిలిస్, హెర్పిస్ వంటి ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చేది ఒక రకం. ఏ క్రిమీ లేకుండా, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కంటి మీద దాడి చేయడం వల్ల వచ్చేది రెండో రకం. స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష పరికరం ముందు గడ్డం ఆనించి కూర్చున్న రోగి కంట్లోకి వైద్యులు సన్నని వెలుగు పంపితే, తేటగా ఉండాల్సిన కంటి నీటిలో తెల్ల రక్తకణాలు, కిటికీలోంచి పడే ఎండలో ధూళి రేణువుల్లా తేలుతూ కనిపిస్తాయి. ఒక చదరపు మిల్లీమీటరు వెలుగులో అవి 50 దాటితే వాపు అత్యంత తీవ్రంగా ఉన్నట్లు లెక్క. ఆలస్యమైతే కంటిపాప వెనుక ఉన్న కటకానికి అతుక్కుపోతుంది. రెటీనా మధ్యభాగంలో నీరు చేరి చూపు మసకబారుతుంది.

ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు వైద్యుల చేతిలో ఉన్న ఆయుధాలు చాలా తక్కువ. కంటిపాప అతుక్కోకుండా అట్రోపిన్ చుక్కలు వేసేవారు. టైఫాయిడ్ టీకా మందు నరానికి ఎక్కించి, కావాలని జ్వరం తెప్పించేవారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1948 సెప్టెంబరులో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచాన పడిన రోగికి కార్టిజోన్ అనే స్టిరాయిడ్ ఇచ్చి లేపి నడిపించడంతో పరిస్థితి మారిపోయింది. 1950 నాటికే ఆ మందు కంటి వాపులోనూ పనిచేస్తుందని తేలింది. ఆ ఏడాదే హెంచ్‌తోపాటు పరిశోధకులు కెండల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి దక్కింది.

స్టిరాయిడ్ అంత వేగంగా వాపును అణచే మందు నేటికీ మరొకటి లేదు. అయితే దాన్ని నెలల తరబడి వాడితే ఏమవుతుందో తర్వాతి పదేళ్లలోనే బయటపడింది. దీర్ఘకాలం మాత్రలు మింగిన కీళ్లవాతం రోగుల్లో కంటి కటకం వెనుక భాగాన శుక్లం వస్తున్నట్లు 1960లో గుర్తించారు. చుక్కల వల్ల కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమాకు (నీటికాసుల జబ్బుకు) దారితీయవచ్చని కూడా ఆ కాలంలోనే తేలింది. మధుమేహం, ఎముకలు గుల్లబారడం సరేసరి. పాత చీటీ చూపించి అవే చుక్కలు మళ్లీ మళ్లీ కొనుక్కుంటే ఎరుపు తగ్గుతుంది గాని, లోపల ఒత్తిడి పెరుగుతున్న సంగతి చూపు కుంచించుకుపోయే దాకా తెలియదు. పోయిన ఆ చూపు తిరిగి రాదు.

స్టిరాయిడ్ మోతాదు తగ్గించగల మందు కోసం మొదలైన వెతుకులాటలో తెలుగువారు గర్వంగా చెప్పుకోవలసిన పేరు ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ మీదుగా అమెరికా మందుల సంస్థ లెడర్లే ప్రయోగశాలకు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోనే 1940లలో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కృత్రిమంగా తయారైంది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లు కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గినట్లు 1948లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. వేగంగా విభజన చెందే కణాలను ఆపే మందు, అదుపు తప్పిన రోగనిరోధక కణాల మీదా పనిచేయవచ్చన్న ఆలోచనతో 1951లో గబ్నర్ అమినోప్టెరిన్‌ను కీళ్లవాతంలో ప్రయత్నించారు. 1965లో వాంగ్, హెర్ష్ మెథోట్రెక్సేట్‌ను కంటి వాపులో వాడి చూశారు. నేడు యువియైటిస్ రోగికి ఇచ్చేది వారానికి 25 మిల్లీగ్రాములకు మించని మోతాదు. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదులు దీనికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. దానితోపాటు రాసే ఫోలిక్ ఆమ్లం మాత్ర నోటిపూత, వికారం వంటి ఇబ్బందులను తగ్గిస్తుంది. ఒకే చీటీ మీద కనిపించే ఆ రెండు మందులూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయన్నమాట.

ఆ తర్వాత అవయవ మార్పిడి వైద్యం నుంచి, రోగనిరోధక శక్తిని అణచే అజథయోప్రిన్, సైక్లోస్పోరిన్, మైకోఫినోలేట్ ఒక్కొక్కటిగా కంటి వైద్యంలోకి వచ్చాయి. కంటి లోపలే స్టిరాయిడ్‌ను నెమ్మదిగా విడుదల చేసే ఇంప్లాంట్లు 2005 నుంచి అందుబాటులోకి వచ్చాయి. అమెరికాలో వాటిని మాత్రలతో పోల్చిన మస్ట్ అధ్యయనంలో రెండేళ్ల దాకా చూపులో పెద్ద తేడా కనిపించలేదు గాని, ఏడేళ్లు గడిచేసరికి మాత్రలు వాడినవారి చూపే సగటున మెరుగ్గా నిలిచినట్లు 2017లో వెల్లడైంది.

టీఎన్‌ఎఫ్ అనే వాపు ప్రోటీన్‌ను అడ్డుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2016లో యువియైటిస్ చికిత్సకు అనుమతి లభించింది. దానికి రెండేళ్ల ముందే, 2014 డిసెంబరులో, జైడస్ సంస్థ దీనికి సమానంగా పనిచేసే బయోసిమిలర్ మందును మన దేశంలో విడుదల చేసింది. ధర తగ్గింది గాని, సామాన్య కుటుంబానికి అది నేటికీ భారమే. అంతకన్నా పెద్ద చిక్కు క్షయ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయను ఈ ఇంజెక్షన్ తిరగబెట్టగలదు. అందుకే ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణ క్షయను పసిగట్టే మాంటూ (చర్మ పరీక్ష) లేదా ఇగ్రా (రక్త పరీక్ష) లేకుండా దాన్ని మొదలుపెట్టరు. కంటి జబ్బుతో వస్తే ఊపిరితిత్తుల పరీక్ష ఎందుకని విసుక్కునేవారికి ఈ సంగతి విడమరచి చెప్పాలి.

ఖరీదైన మైకోఫినోలేట్ మేలా, చవకైన మెథోట్రెక్సేట్ మేలా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన ఫాస్ట్ అధ్యయనంలో భారతీయ రోగులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి సహా ఐదు దేశాల్లోని తొమ్మిది కేంద్రాల్లో 216 మందిపై జరిగిన ఆ పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ప్రెడ్నిసోన్ అనే స్టిరాయిడ్ మాత్రను రోజుకు 7.5 మిల్లీగ్రాములకో అంతకన్నా తక్కువకో దించి వాపును అదుపులో ఉంచడం ఆరు నెలలకు మెథోట్రెక్సేట్‌తో 67 శాతం మందిలో, మైకోఫినోలేట్‌తో 57 శాతం మందిలో సాధ్యమైంది. గణాంకాల ప్రకారం ఆ తేడాను ఖాయమైనదిగా తీసుకోలేం. అయినా ఖరీదైన మందు చవకైన మందును మించలేదన్నది మన ప్రాంత రోగులకు ఎంతో విలువైన విషయం.

మెథోట్రెక్సేట్ పూర్తి ప్రభావం చూపడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఆలోగా స్టిరాయిడ్‌ను కొనసాగిస్తూనే క్రమంగా దించుతారు. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు నిర్ణీత వ్యవధిలో చేయించుకోవాలి, గర్భిణులు, గర్భం కోరుకునేవారు దీన్ని వాడకూడదు, మద్యం మానాలి. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మాత్రను పొరపాటున రోజూ మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అని రాసి వదిలేయకుండా, ఆదివారమో బుధవారమో ఆ రోజు పేరు తెలుగులో రాయించుకుని, దాన్ని ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచడం మంచిది.