తోట దారుల్లో సైకిలు: సెలవులకు వస్తున్న పిల్లలకు

క్లాంగ్, మలేషియా

ప్రియమైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఈసారి సెలవుల్లో మిమ్మల్ని కూడా ఆదివారం సైకిలు సవారీకి తీసుకువెళ్ళాల్సిందేనని ఇద్దరూ పట్టుబడుతున్నారట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాకు అంతకంటే కావలసిందేముంది! తప్పకుండా వెళ్దాం. అయితే ఇది హైదరాబాదులో మీ కాలనీ చుట్టూ తొక్కినట్టు ఉండదు. రబ్బరు తోట, ఆయిల్‌పామ్ తోట, వాటిని ఆనుకుని అడవి. ఈ మూడింట్లోంచి మట్టి దారుల్లో 20, 30 మందిమి కలిసి వెళ్తాం. ఆ దారుల్లో సైకిళ్ళ కోసం వేసినవి దాదాపు లేవు. ఎవరి పని కోసం వాళ్ళు నడిచీ, బళ్ళు తోలీ చేసుకున్నవి. ఏ దారి ఎవరిదో తెలిస్తే దాని మీద ఎలా వెళ్ళాలో సగం తెలిసిపోతుంది. మీరు వచ్చేలోపు ఆ సంగతులు చెప్పి ఉంచాలని రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే, తీరిగ్గా చదువుకోండి.

ముందు రబ్బరు తోట. రబ్బరు చెట్టు ఈ దేశానిది కాదు. 1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుంచి గింజలు తెచ్చి లండన్‌లోని క్యూ అనే వృక్షోద్యానానికి ఇచ్చాడు. మరుసటి ఏడాది అక్కడి నుంచి 22 మొక్కలు సింగపూరు చేరాయి. వాటిలో కొన్నిటిని పెరాక్ రాష్ట్రంలోని క్వాలా కంగ్సార్‌లో నాటారు. చెట్టుకు ముప్పు రాకుండా మళ్ళీ మళ్ళీ పాలు తీసే పద్ధతిని చూపించినవాడు హెన్రీ రిడ్లీ. 1888లో సింగపూరు వృక్షోద్యానానికి అధిపతిగా వచ్చి, రబ్బరు నాటండి నాటండి అని తోటల యజమానుల వెంటపడ్డాడు. మోటారు కార్లు పెరిగి టైర్లకు గిరాకీ పుట్టేసరికి అడవులు నరికి రబ్బరు వేశారు. ఆ తోటల్లో పని చేయడానికి తమిళ దేశం నుంచి లక్షల మందీ, విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి వైపుల నుంచి మనవాళ్ళూ ఓడలెక్కి వచ్చారు. ఊళ్ళకు వెళ్ళి మనుషులను కూడగట్టి తెచ్చే మేస్త్రీని ఇక్కడ కంగాణీ అనేవారు. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను ఆపే దాకా ఇది సాగింది. మా నాయనమ్మ అలా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినావిడే.

ఆవిడ చేసిన పని ఎలాంటిదో మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పని ఇవాళ్టికీ దాదాపు అలాగే జరుగుతోంది, మనం దాని పక్క నుంచే సైకిలు తొక్కుతాం. చెట్టు నాటిన ఆరేడేళ్ళకు గీతకు, అంటే బెరడు గీసి పాలు తీయడానికి, వస్తుంది. గీసేవాళ్ళు తెల్లవారకముందే తలకు దీపం కట్టుకుని తోటలోకి దిగుతారు. రాత్రి చల్లదనానికి చెట్టు లోపల ఒత్తిడి నిండుగా ఉంటుంది, అప్పుడు గీస్తే పాలు బాగా వస్తాయి. ఎండెక్కితే ధార సన్నబడుతుంది. బెరడు మీద ఏటవాలుగా, చెట్టు చుట్టు కొలతలో సగం దాకా ఒక గాటు ఉంటుంది. ప్రతిసారీ ఆ గాటు అంచున బెరడును సుమారు ఒక మిల్లీమీటరు మందాన చెక్కాలి. తక్కువ చెక్కితే పాలు రావు. కాస్త లోతుకు దిగితే చెట్టుకు గాయమై, అక్కడ కొత్త బెరడు నున్నగా రాకుండా బుడిపెలు కడుతుంది, మళ్ళీ గీయడానికి పనికిరాదు. దీపం వెలుగులో, దోమల మధ్య, ఒక్కో మనిషి కొన్ని వందల చెట్లకు ఇలా చేయాలి. పాలు గాటు వెంట జారి, చివర గుచ్చిన రేకు మీదుగా గిన్నెలోకి బొట్లు బొట్లుగా పడతాయి. కొన్ని గంటలు ఆగి, బకెట్లు పట్టుకుని మళ్ళీ మొదటి చెట్టు నుంచి తిరగాలి. వాన పడితే బెరడు తడిసి పాలు గాటు దాటి కారిపోతాయి, ఆ రోజు కష్టం నేలపాలే. సాయంత్రం నాయనమ్మ వసారాలో కూర్చుని వేళ్ళ సందుల్లో ఎండిపోయిన పాలను పొరలు పొరలుగా ఒలుచుకునేది. ఆ పుల్లటి వాసన ఎంత కడిగినా పోయేది కాదు.

ఇప్పుడు మన సంగతి. మనం తోటలోకి వెళ్ళేది ఏడున్నర, ఎనిమిది గంటలకు. సరిగ్గా గిన్నెల్లోకి పాలు దిగుతున్న వేళ. వరసల మధ్య కాలిబాట మన హ్యాండిల్ కంటే కాస్త వెడల్పు, అంతే. చెట్టును రాసుకుంటూ వేగంగా పోతే మోచేయి తగిలి గిన్నె ఒరిగిపోతుంది. ఒక్క గిన్నెలో ఉండేవి కాసిని పాలే కావచ్చు, కానీ వెనక ఇంకో 20 మంది వస్తున్నారు. అందుకని గిన్నెలు నిలబెట్టి ఉన్న వరసలోకి మనం పోం. పక్కనున్న బండి దారిలో చుట్టు తిరిగి వెళ్తాం. గీసేవాళ్ళు ఎదురైతే సైకిలు దిగి పక్కకు జరిగి, ‘సెలామత్ పాగి’ అనండి. శుభోదయం చెప్పడం అన్నమాట. ఇవాళ తోటల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది ఇండోనేషియా, బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు. మా నాయనమ్మలాగే ఊరొదిలి వచ్చినవాళ్ళు. మనం సెలవు రోజున సరదాకు వెళ్ళే చోట వాళ్ళు పనిలో ఉన్నారని ఒక్క క్షణం కూడా మరచిపోవద్దు.

రబ్బరు తోటలో మీకు నచ్చేది ఇంకొకటుంది. కాయలు ఎండి ‘టప్’మని పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. గోధుమ రంగు మీద మచ్చలతో భలే అందంగా ఉంటాయి. ఒక గింజను సిమెంటు మీద గట్టిగా రుద్ది చేతికి తాకిస్తే చురుక్కుమంటుంది. ఇక్కడి పిల్లలందరికీ తెలిసిన ఆట.

ఆయిల్‌పామ్ తోట దారులు వేరు. ఖమ్మం, ఏలూరు వైపు బస్సులోంచి మీరు చూసే చెట్టే ఇది. ఇక్కడ దాన్ని వ్యాపార పంటగా మొదట వేసింది 1917లో, సెలంగోర్‌లోని తెన్నమారం ఎస్టేటులో, హెన్రీ ఫోకోనియే అనే ఫ్రెంచివాడు. 1960ల నుంచి రబ్బరు తీసేసి దీన్ని నాటుకుంటూ పోయారు. పండిన గెలను కోసిన 24 గంటల్లోగా మిల్లుకు చేర్చాలి, ఆలస్యమైన కొద్దీ నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. అందుకే తోటంతా ఎర్రమట్టి లారీ దారులు గళ్ళుగళ్ళుగా వేసి ఉంటాయి. మనకు అవి హాయిగా ఉంటాయి కానీ, గెలలు మోసే లారీకి, ట్రాక్టరుకు తొందర ఎక్కువ. మలుపు దగ్గర ఎడమ అంచుకు చేరండి, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. పైన పొడవాటి గెడకు కట్టిన కొడవలితో ఎవరైనా గెల కోస్తుంటే దూరంగా ఆగిపోవాలి. ఒక్కో గెల 10 నుంచి 25 కిలోలు, తాటిచెట్టంత ఎత్తు నుంచి పడుతుంది. కోసే మనిషి చెయ్యి ఊపి రమ్మన్నాకే కదలాలి.

కోసిన మట్టలను వరసల మధ్య కుప్పలు వేస్తారు, కుళ్ళి ఎరువవుతాయని. మట్ట అంచున ముళ్ళుంటాయి, టైరును ఇట్టే పొడుస్తాయి. అందుకే మా సైకిళ్ళకు ట్యూబులు ఉండవు, టైరులో ఒక జిగురు ద్రవం పోస్తాం. ముల్లు దిగితే అది చిమ్మి గడ్డకట్టి కన్నాన్ని మూసేస్తుంది. ఆ ద్రవాల్లో చాలా రకాలు రబ్బరు పాలతో చేసినవే! ఆ కుప్పల మీద కాలు మాత్రం పెట్టవద్దు. రాలిన పండ్ల కోసం ఎలుకలు, ఎలుకల కోసం నల్లత్రాచులు వాటి కిందే కాపురం. ఎలుకలను పట్టడానికి తోటల్లో గుడ్లగూబలకు గెడల మీద చెక్కపెట్టెలు కూడా కట్టి ఉంచుతారు, చూపిస్తాను.

తోట అంచు దాటి అడవిలోకి వెళ్ళగానే వెలుగు తగ్గి, గాలి చల్లబడుతుంది. అక్కడి సన్నని బాటల్లో చాలావరకు ఒరాంగ్ అస్లి ఆదివాసులవి. పేము కోసం, అడవి కాయల కోసం తరతరాలుగా నడిచిన బాటలు. పేము అంటే మీ తాతల కాలం బడిపంతులు చేతి బెత్తం. అడవిలో అది తీగ. దాని కొస కొరడాలా గాల్లో వేలాడుతూ ఉంటుంది, దాని నిండా వెనక్కి వంగిన ముళ్ళు. చొక్కాకు తగిలిందంటే ముందుకు లాక్కునే కొద్దీ లోపలికి దిగుతుంది. పట్టుకోగానే బ్రేకు వేసి, రెండు అడుగులు వెనక్కి వేయండి, దానంతటదే వదులుతుంది. వెనకవాళ్ళకు వినపడేలా ‘పేము!’ అని అరవండి. జలగలకు భయపడవలసిన పని లేదు. గోటితో పక్కకు నెట్టేస్తే ఊడిపోతాయి. వాగు నీళ్ళు మాత్రం నోట్లో పోసుకోవద్దు, గాయాలు కడుక్కోవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో జ్వరాలు వస్తాయి, వాటితో ప్రాణం మీదకు వచ్చినవాళ్ళున్నారు.

నాటిన చెట్లన్నీ తోటలేనా అని మీరు అడగవచ్చు. కౌలాలంపూర్ పక్కన కేపాంగ్‌లో అటవీ పరిశోధన సంస్థ ఆవరణ చూపిస్తాను. తగరం గనులు తవ్వి పాడుచేసిన నేల అది. 1920ల్లో అక్కడ రకరకాల అడవి మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ఇవాళ మనుషులు పెంచినదంటే నమ్మలేనంత చిక్కటి అడవి. 2025లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి కపూర్ చెట్ల కింద నిలబడి పైకి చూస్తే, ఒక చెట్టు కొమ్మలు పక్క చెట్టును తాకకుండా మధ్యలో ఆకాశం సన్నని కాలువల్లా కనిపిస్తుంది.

ఇక మీకు అసలు కావలసినది, ఇంతమందిమి కలిసి ఎలా వెళ్తామన్నది. ఈ పద్ధతి కౌలాలంపూర్‌లోనే పుట్టింది. 1938లో గిస్పర్ట్ అనే అకౌంటెంటు, ఇంకొందరు ఆంగ్లేయులు కలిసి వారానికోసారి రబ్బరు తోటల్లో కాగితం ముక్కల జాడ పట్టుకుని పరుగెత్తే ఆట మొదలుపెట్టారు. వాళ్ళలో కొందరు భోంచేసే క్లబ్బు భోజనశాలకు వేళాకోళంగా ‘హాష్ హౌస్’ అని పేరుండేది. అదే ఆటకూ వచ్చింది. గిస్పర్ట్ 1942 ఫిబ్రవరిలో జపాను సైన్యంతో సింగపూరులో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. యుద్ధం ముగిశాక మిగిలినవాళ్ళు ఆటను మళ్ళీ నిలబెట్టారు. అది దేశదేశాలకు పాకింది. కొండదారుల సైకిళ్ళు వచ్చాక ఇక్కడివాళ్ళు దాన్నే సైకిళ్ళ మీదకు తెచ్చుకున్నారు.

ఆట ఇలా సాగుతుంది. ఒకరో ఇద్దరో ‘కుందేలు’ అవుతారు. వాళ్ళు ముందే తోటవాళ్ళ అనుమతి తీసుకుని, దారి వెతికి, కొన్ని గజాలకొక చోట కాగితం ముక్కలు వేసుకుంటూ వెళ్తారు. మనం ఆ జాడ పట్టుకుని వెళ్తాం. ఉన్నట్టుండి ఒక కూడలిలో కాగితాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి అసలు దారి ఎటో ఎవరికీ తెలియదు. ముందు వచ్చినవాళ్ళు తలో వైపు వెళ్ళి వెతకాలి. కొన్ని దారుల్లో కాగితాలు కాస్త దూరం కనిపించి మాయమవుతాయి, అవి దొంగ జాడలు. ఎవరికి అసలు జాడ దొరికితే వాళ్ళు ‘ఆన్ ఆన్!’ అని గొంతెత్తి అరుస్తారు. అందరూ అటు మళ్ళుతారు. ఇందులో ఉన్న తెలివి చూశారా? బలమైనవాళ్ళు అటూ ఇటూ వెతికి రెట్టింపు దూరం తొక్కుతుండగా, నెమ్మదిగా వచ్చేవాళ్ళు నేరుగా కూడలికి చేరుకుంటారు. నాలాంటి ముసలివాడూ, పాతికేళ్ళ కుర్రవాడూ ఒకే సమయానికి ఒకే చోట ఉంటారు. ఎవరినీ ‘ఆగవయ్యా’ అని బతిమాలనక్కర లేదు, ఎవరూ వెనకబడ్డామని చిన్నబుచ్చుకోనక్కర లేదు. మంది కలిసి చేసే ఏ పనికైనా ఇంత చక్కటి ఏర్పాటు నేను ఇంకోటి చూడలేదు.

అందుకే ఫోనులో వేగం లెక్కగట్టుకుని, నిన్నటికంటే ఇవాళ అర నిమిషం తగ్గించానని పోటీపడటం తోట దారుల్లో నాకు అస్సలు ఇష్టం ఉండదు. పోటీకి వేరే మైదానాలున్నాయి. మన గుంపులో చివర ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయన వెనక ఎవరూ ఉండకూడదు. ప్రతి కూడలిలో తలలు లెక్కపెడతాం. లెక్క సరిపోతేనే కదులుతాం. మీరు ఆయనకు కాస్త ముందు, నా పక్కన వస్తారు.

తొక్కే తీరు ఇక్కడికి వచ్చాక నేర్పుతాను, రెండు ముక్కలు మాత్రం ఇప్పుడే. ఎక్కుడు మొదలుకాకముందే గేరు తగ్గించుకోవాలి. తడిసిన వేరును అడ్డంగా, నేరుగా దాటాలి, ఏటవాలుగా ఎక్కితే చక్రం జారిపోతుంది. భయం వేస్తే దిగి నడవండి. మా గుంపులో దిగి నడిచేవాళ్ళను ఎవరూ ఏమీ అనరు.

ఈ దారులు ఏటేటా తగ్గిపోతున్నాయి, అది నాకు బాధగా ఉంది. నగరం మధ్యలోనే ఉన్న బుకిట్ కియారా గుట్ట ఒకప్పుడు రబ్బరు తోటే. 1980ల్లో ప్రభుత్వం తీసుకుంది. పాత రబ్బరు చెట్ల మధ్య అడవి చెట్లు మొలిచి కలిసిపోయాయి, సైకిలువాళ్ళూ నడిచేవాళ్ళూ సొంత చేతులతో బాటలు చేసి బాగుచేసుకుంటూ వచ్చారు. ఆ తోటలో పాలు గీసినవాళ్ళ కుటుంబాలు దశాబ్దాల పాటు ఆ పక్కనే వరస ఇళ్ళలో ఉండిపోయాయి. అక్కడికి వెళ్ళినప్పుడు బాటల గురించి మాట్లాడుకునేవాళ్ళు ఆ ఇళ్ళ గురించి కూడా మాట్లాడుకోవాలని నేను మావాళ్ళతో అంటూనే ఉంటాను. మిగతా తోటలు చాలావరకు ఇళ్ళ కాలనీలయ్యాయి. వాటితో పాటు తోటల్లో మనవాళ్ళు కట్టుకున్న భజన మందిరాలు, నడుపుకున్న తెలుగు బడులు కూడా చాలా పోయాయి. కాలిబాటలు మిగిలిన చోట వాటిని మీకు చూపించాలని నా తాపత్రయం.

పొడవు చేతుల చొక్కాలు రెండేసి, వేళ్ళు మూసుకుపోయే బూట్లు తెచ్చుకోండి. హెల్మెట్లు, చేతి తొడుగులు ఇక్కడ ఉన్నాయి. తలా రెండు లీటర్ల నీళ్ళు మోసుకోవాలి, వీపు సంచులు మీవే తెచ్చుకోండి. మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన దిగుతుంది, పిడుగులు ఎక్కువ, కనుక పదకొండున్నరకల్లా తోటలోంచి బయటపడతాం. వచ్చే వారం లోపు మీ ఇద్దరి ఎత్తూ, కాలి పొడవూ మీ అమ్మతో కొలిపించి రాయండి. మీకు సరిపోయే సైకిళ్ళు ముందే అడిగి తెచ్చి, సీట్లు సరిచేయించి ఉంచుతాను.

ఇట్లు
మీ తాతయ్య