క్రూడ్ ఎందుకు పేరుకుంటుంది? అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో నెయ్యి గిన్నె బోర్లించినా జారదు. విశాఖలో నేను పనిచేసే ల్యాబ్‌లో క్రూడ్, అంటే శుద్ధి చేయని ముడి చమురు, శాంపిల్ సీసాలదీ అదే తీరు. ఈ పేరుకోవడం గురించి కొత్తగా చేరిన పిల్లలే కాదు, పంప్‌హౌస్‌లో తల నెరిసినవాళ్లు కూడా కొన్ని తప్పు మాటలు నమ్ముతున్నారు.

అపోహ: విశాఖలో చలేముంది, ఇక్కడ క్రూడ్ గడ్డకట్టదు.

దానికి మంచు కురవక్కర్లేదు. బాంబే హై క్రూడ్ పోర్ పాయింట్, అంటే ఇక పారలేని స్థితికి కాస్త పైనున్న ఉష్ణోగ్రత, దాదాపు 30 డిగ్రీలు. రాజస్థాన్ మంగళ క్రూడ్‌కైతే 40 దాటుతుంది. మన ఏప్రిల్ మధ్యాహ్నం కూడా దానికి చలికాలమే! అందుకే బార్మేర్ నుంచి గుజరాత్ తీరం దాకా దాదాపు 670 కిలోమీటర్ల పైప్‌లైన్‌ని పొడవునా వేడిగా ఉంచుతారు. మన పక్కనే, కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో 2024 జనవరిలో ఓఎన్‌జీసీ తీయడం మొదలుపెట్టిన చమురులోనూ ఇలా పేరుకునేలా చేసే మైనం ఎక్కువే. ఆ చలి నీళ్లలో వేడి పోకుండా పైపులో పైపు పెట్టి తెస్తున్నారు.

అపోహ: గడ్డకట్టిందంటే నూనంతా గట్టిపడినట్టే.

నన్ను అడిగితే అన్నిటికీ మూలం ఈ పొరపాటే. పెరుగు చూడండి. గిన్నె వంచినా కదలదు, కానీ అందులో ఎక్కువ భాగం నీళ్లే. ప్రొటీన్ అల్లిన వల ఆ నీళ్లను పట్టి ఉంచుతుంది. క్రూడ్‌లోనూ అంతే. వేడి తగ్గేకొద్దీ పొడవాటి గొలుసుల పారఫిన్లు, అంటే ఆ మైనమే, కరిగి ఉండలేక పలుచని రేకుల్లా, సూదుల్లా పలుకులు కడతాయి. అవి ఒకదానికొకటి చిక్కుకుని, మధ్యలో ద్రవాన్ని బంధిస్తాయి. నూటికి రెండు పాళ్ల మైనం పలుకు కట్టినా చాలు, మిగతా 98 పాళ్లు నూనెగానే ఉండి కూడా కదలవు.

అపోహ: నల్లగా చిక్కగా ఉన్నదాంట్లోనే మైనం ఎక్కువ.

కాదు. మైనం ఎక్కువున్న క్రూడ్ చాలాసార్లు తేలికైనదే. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా పారుతుంది, అందుకే మోసపోతాం.

అపోహ: కాస్త వెచ్చబెడితే సరిపోతుంది.

అరకొర వేడి ఒక్కోసారి అసలుకే ఎసరు. చిన్న పలుకులు కరిగిపోతాయి, పెద్దవి మిగులుతాయి. మళ్లీ చల్లారేటప్పుడు ఆ మిగిలినవే తోడు వేసినట్టు పనిచేస్తాయి, కొత్త మైనం వాటి మీదే పెరుగుతుంది. దాంతో పోర్ పాయింట్ ముందుకన్నా పైకి పోవచ్చు. పూర్తిగా కరిగేదాకా వేడిచేసి, పద్ధతిగా చల్లార్చాలి. అస్సాం చమురును బీహార్‌లోని బరౌనీకి పంపే 1157 కిలోమీటర్ల పైప్‌లైన్ కోసం దులియాజాన్‌లో దశాబ్దాలుగా చేసింది ఈ పనే. నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస కడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే నున్నగా బిగుస్తుంది. క్రూడ్ కూడా తను ఎలా చల్లారిందో గుర్తుపెట్టుకుంటుంది.

అపోహ: పెద్ద పంపు ఉంటే ఎలాగైనా తోసేస్తుంది.

లెక్క వేద్దాం. 30 సెంటీమీటర్ల వ్యాసం, 10 కిలోమీటర్ల లైను. పేరుకున్న క్రూడ్ తెగడానికి చదరపు మీటరుకు 50 న్యూటన్ల బలం కావాలనుకుంటే, లైను మొత్తాన్ని ఒకేసారి కదిలించడానికి దాదాపు 67 బార్ ఒత్తిడి కావాలి. పైపు, దాని అతుకుల దగ్గరుండే ఫ్లాంజీలు ఓర్చుకోవాలి కదా. ఒక శీతాకాలం రాత్రి నేను ఉన్నచోట చిన్న లైనొకటి కొన్ని గంటలు ఆగింది. తెల్లారేసరికి పంపు ట్రిప్పు మీద ట్రిప్పు, భారం మోయలేక దానంతటదే ఆగిపోవడమే. చివరికి ముక్కలు ముక్కలుగా వేడిచేసి, పలుచని నూనెతో కొంచెం కొంచెంగా నెట్టాం. ఆ రాత్రే ఖాళీ చేసి ఉంటే గంట పని. పారుతున్నంతసేపూ ఆ వల తెగుతూ ఉంటుంది, ఆపితేనే అల్లుకుంటుంది.

అపోహ: గడ్డకట్టాక మందు కలిపితే కరుగుతుంది.

పోర్ పాయింట్ తగ్గించే మందు మైనాన్ని కరిగించదు. పలుకు కట్టేటప్పుడే అందులో చేరి, రేకులు అల్లుకోకుండా ఆకారం మారుస్తుంది. కాబట్టి తొలి పలుకు పుట్టకముందే, వేడి మీదే కలపాలి.

మాకు శాంపిల్ పంపేవాళ్లకు ఒక విన్నపం. సీసా మీద తేదీతో పాటు తీసినప్పటి ఉష్ణోగ్రత, తర్వాత ఎన్నిసార్లు వేడిచేశారో కూడా రాయండి. అది తెలియకపోతే ఒకే ట్యాంకు చమురుకు రెండు రకాల పోర్ పాయింట్లు వస్తాయి, రెండూ సరిగ్గా చేసిన పరీక్షలే అవుతాయి.